చంటిబిడ్డ పిలిస్తే పలకడం ఎలా? కాన్పు నుంచి ఏడాది దాకా, వరుసగా

"ఎత్తుకుంటే చేతులు మరుగుతుంది అంటున్నారు, నిజమేనా?" "వాళ్ల నాన్న వారానికోసారి వస్తాడు, బిడ్డ గుర్తుపడుతుందా?" "నేను డ్యూటీలో చేరితే మా అమ్మనే అమ్మ అనుకుంటుందేమో!" తిరుపతి, చిత్తూరు వైపు కొత్త అమ్మలు అడిగేవి చాలావరకు ఈ మూడు ప్రశ్నలే. విడివిడిగా జవాబు చెప్పేకంటే, చేయాల్సిన వరుసలో ఒకేచోట రాస్తే మేలనిపించింది.

ముందు ఒకటి తేల్చుకుందాం. కాన్పు గదిలో ముఖం చూడగానే అనుబంధం పుట్టుకురాదు. చూడగానే ప్రేమ పొంగలేదని లోలోపల కుమిలిపోయే అమ్మలు చాలామంది ఉంటారు. టెన్షన్ అక్కర్లేదు. బిడ్డ ఏదో అడుగుతుంది, ఎవరో ఒకరు పలుకుతారు. రోజుకు పదులసార్లు ఇదే జరుగుతుంది. కొన్ని నెలలకు, పిలిస్తే పలికే మనిషి ఉందని బిడ్డకు నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకమే అనుబంధం. ఏడు, తొమ్మిది నెలల మధ్య అది బయటికి స్పష్టంగా కనిపిస్తుంది. కింద రాసినవన్నీ దానికోసం చేసే పనులే.

1. కాన్పుకు ముందే తేల్చుకోవాల్సినవి

మొదటి కాన్పు ఎక్కువగా పుట్టింట్లోనే కదా. సాయానికి ఇంటినిండా మనుషులుంటారు. అది అదృష్టమే, చిక్కు కూడా అక్కడే. బిడ్డ రోజంతా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతుంటుంది, పాలకు మాత్రమే అమ్మ దగ్గరికి వస్తుంది.

బిడ్డ ఒక్క అమ్మకే కాదు, ముగ్గురు నలుగురికి కూడా దగ్గర కాగలదు. అయితే వాళ్లు రోజూ కనిపించేవాళ్లు, ఇంచుమించు ఒకేలా పలికేవాళ్లు అయి ఉండాలి.

ఏడో నెలలోనే కూర్చుని ఇవి మాట్లాడుకోండి:

- బిడ్డను రోజూ చూసుకునేది ఎవరెవరు? పేర్లు అనుకోండి. మిగతావాళ్లు చుట్టపుచూపే.
- రాత్రి ఎవరు లేస్తారు? పాలు అమ్మ ఇస్తే, తేపు తీయడం, తడిగుడ్డ మార్చడం ఇంకొకరు చేయాలి.
- చూడటానికి వచ్చేవాళ్లకు ఏ వేళ? చేతులు కడుక్కోకుండా ఎత్తుకోవడం, ముద్దులు పెట్టడం వద్దని ఎవరు చెప్తారు? ఈ పని బాలింత మీద పెట్టకండి. ఇంట్లో గట్టిగా చెప్పగల పెద్దమనిషికి అప్పగించండి.
- టీవీ ఏ గదిలో ఉంటుంది? బిడ్డ ఉండే గదిలో మాత్రం వద్దు.
- నాన్నకు సెలవు ఎన్నాళ్లు? అన్నీ కాన్పు రోజునే వాడేయకుండా కొన్ని ఆరో వారానికి దాచండి. ఎందుకో ఐదో భాగంలో చెప్తాను.

పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు తగ్గించడం, కూరలు మాన్పించడం ఇప్పటికీ జరుగుతోంది. ఆకలితో, నిద్రలేక ఉన్న మనిషికి బిడ్డ సైగలు ఎక్కడ కనిపిస్తాయి? అమ్మ తిండి, అమ్మ నిద్ర కూడా ఈ ఏర్పాట్లలో భాగమే.

2. మొదటి గంట, మొదటి వారం

తల్లీబిడ్డలు బాగుంటే, పుట్టగానే బిడ్డను తుడిచి అమ్మ రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టి పైన గుడ్డ కప్పమని డాక్టరమ్మకు ముందే చెప్పి పెట్టండి. కనీసం గంట అలాగే ఉండనివ్వాలి. మొదటి పాలు కూడా ఆ గంటలోనే. బరువు చూడటం కాస్త ఆగినా నష్టం లేదు. మొదటి స్నానం 24 గంటల దాకా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

ఆపరేషన్ అయితే గంట పోయిందని బాధపడొద్దు. అమ్మ సిద్ధమయ్యే దాకా నాన్న చొక్కా విప్పి ఛాతీ మీద పెట్టుకోవచ్చు. మన ఆసుపత్రుల్లో మగవాళ్లను లోపలికి రానివ్వని చోట అమ్మమ్మ ఆ పని చేయొచ్చు.

రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో, లేదా నెలలు నిండకుండా పుడితే ఇలా ఛాతీ మీద పెట్టుకోవడం ముచ్చట కాదు, వైద్యమే. దాన్ని కంగారూ సంరక్షణ అంటారు. రోజుకు 8 నుంచి 24 గంటలు, వీలైనంత ఎక్కువసేపు చేయాలి. పద్ధతి ఇదీ:

1. బిడ్డకు టోపీ, సాక్సులు, డైపర్ మాత్రమే ఉంచండి.
2. రొమ్ముల మధ్య నిలువుగా పెట్టి, కాళ్లు, చేతులు మడిచి ఉంచండి.
3. తల ఒక పక్కకు తిప్పండి. మెడ ముందుకు వాలిపోకూడదు. ముక్కు, నోరు మీకు కనిపిస్తూ ఉండాలి.
4. మెత్తటి చీరతోనో, ఆసుపత్రిలో ఇచ్చే కట్టుతోనో కట్టి, పైన జాకెట్టు వేసుకోండి.
5. ఒకసారి పెట్టుకుంటే గంటకు తగ్గకుండా ఉంచండి. మీకు నిద్ర ముంచుకొస్తుంటే మెలకువగా ఉన్నవాళ్లు పక్కన ఉండాలి.

బిడ్డను ప్రత్యేక నవజాత శిశువుల వార్డులో వెచ్చటి పెట్టెలో (ఇంక్యుబేటర్‌లో) ఉంచితే, లోపలికి వెళ్లినప్పుడు నిమరకండి. ఒక చెయ్యి తల మీద, ఒక చెయ్యి పాదాల దగ్గర కదలకుండా ఆనించి ఉంచండి. నెలలు నిండని బిడ్డకు నిమరడం చిరాకు, కదలని చెయ్యి ధైర్యం. మెల్లగా పేరు పెట్టి పిలవండి. ఎలాంటి చెయ్యి పెట్టాలో అక్కడి నర్సమ్మను అడిగితే చూపిస్తారు.

3. సైగలు చదవడం: ఏడుపు దాకా రానివ్వకండి

ఏడుపు బిడ్డ చెప్పే చివరి మాట. దానికన్నా ముందు చాలా చెబుతుంది.

- ఆకలి: నోరు తెరిచి మూస్తుంది, చప్పరిస్తుంది, బుగ్గకు ఏది తగిలినా అటు తిరుగుతుంది, గుప్పిట నోట్లో పెట్టుకుంటుంది. పాలు ఇవ్వాల్సింది ఇప్పుడే. గుక్కపట్టాక ఇస్తే రొమ్ము సరిగ్గా పట్టుకోదు.
- నిద్ర: చూపు నిలవదు, ఆవలిస్తుంది, కళ్లూ చెవులూ రుద్దుకుంటుంది, కారణం లేకుండా విసుక్కుంటుంది.
- ఆటకు సిద్ధం: కళ్లు తేటగా ఉంటాయి, ముఖం మీవైపు ఉంటుంది, కాళ్లూ చేతులూ నెమ్మదిగా ఆడిస్తుంది, ఊసులాడుతుంది.
- ఇక చాలు: ముఖం పక్కకు తిప్పేస్తుంది, వేళ్లు చాపుతుంది, వీపు వెనక్కి వంచుతుంది, తుమ్ములో వెక్కిళ్లో మొదలవుతాయి.

అందరూ పొరబడేది చివరిదాని దగ్గరే. బిడ్డ ముఖం తిప్పగానే చిటికెలు వేసి, గిలక ఊపి, "ఇటు చూడు, ఇటు చూడు బంగారం" అంటూ అటువైపు కూడా పోతాం. బిడ్డ అలిగి తిప్పలేదు. కాసేపు విశ్రాంతి అడుగుతోంది, అంతే.

ఒక అలవాటు చేసుకోండి. రెండు రోజుల పాటు, రోజులో ఒక్క పాల వేళ ఏమీ చేయకుండా కేవలం చూడండి. నిద్ర లేచిన దగ్గర్నుంచి ఏడుపు దాకా బిడ్డ ఏయే సైగలు ఏ వరుసలో చేసిందో మనసులో పెట్టుకోండి. ఏ ఇద్దరు పిల్లల వరుసా ఒకటి కాదు.

4. పలికే వరుస

అసలు పని ఇదే. మిగతా భాగాలు చదివే తీరిక లేకపోయినా ఇదొక్కటి చదవండి.

1. వేళ చూసుకోండి. పాలు తాగి, తేపు వచ్చి, మెలకువగా ఉన్నప్పుడు. మొదటి నెలలో ఆ తేటదనం ఒకసారికి కొద్ది నిమిషాలే ఉంటుంది.
2. దూరం సరిచేసుకోండి. పసికందుకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం బాగా కనిపిస్తుంది. అంటే జానెడు, మహా అయితే జానెడున్నర లోపు. కిటికీకి వీపు పెట్టి కూర్చోకండి. మీ ముఖం మీద వెలుతురు పడాలి.
3. మీరు మొదలుపెట్టకండి. చూస్తూ ఉండండి. మొదటి ఊసు బిడ్డదే కానివ్వండి.
4. బిడ్డ చేసిందే మీరూ చేయండి. నోరు తెరిస్తే తెరవండి. "ఊఁ" అంటే "ఊఁ" కొట్టండి. ఆ తర్వాత ఒక చిన్న మాట కలపండి.
5. ఆగండి. మనసులో ఐదు నుంచి పది దాకా లెక్కపెట్టండి. బిడ్డకు జవాబు కూడగట్టుకోవడానికి ఆ మాత్రం టైం కావాలి. పెద్దవాళ్లకు ఆ మౌనం మహా ఇబ్బంది, అందుకే మధ్యలో మాట్లాడేస్తారు.
6. ఏం చేసినా దాన్నే బదులుగా తీసుకోండి. కాలు తన్నినా, పెదవి కదిపినా సరే.
7. ముఖం తిప్పితే ఊరుకోండి. మీరు అక్కడే ఉండండి, చూపు మెత్తగా ఉంచండి. తిరిగి చూసినప్పుడు నవ్వి మళ్లీ మొదలుపెట్టండి.

ఒకసారి దగ్గర్నుంచి చూద్దాం. పది వారాల పాప, అమ్మ మోకాళ్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. అమ్మ నోరు మెదపడం లేదు. పాప కనుబొమలు పైకి లేపింది, పెదవులు సున్నాలా చుట్టింది, చాలాసేపు కష్టపడి "అఁగూ" అంది. "అఁగూ! ఔనా తల్లీ?" అని అమ్మ ఆగింది. పాప కాళ్లు రెండూ ఆడాయి, గడ్డం వణికింది, ఈసారి నవ్వు వచ్చింది. అమ్మ నవ్వింది. మూడోసారికి పాప తల గోడవైపు తిప్పి క్యాలెండర్ చూస్తూ ఉండిపోయింది. పక్కనున్న అవ్వ చప్పట్లు కొట్టబోతే అమ్మ చేత్తో వద్దని ఆపింది. కాసేపటికి పాపే తిరిగింది, ముందుకంటే పెద్ద నవ్వుతో. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఈ నవ్వు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. నవ్వితే నువ్వుండలు పంచే ఆనవాయితీ ఉన్న ఇళ్లలో బిడ్డను నవ్వించాలని అందరూ మీదపడతారు. ఉండలు చేసుకోండి, తినండి, కానీ బిడ్డ చుట్టూ గుంపు కట్టకండి. ఒక ముఖం చాలు.

"ఇంత టైం ఎక్కడుందండీ?" అంటారా? విడిగా టైం అక్కర్లేదు. రోజుకు ఆరేడుసార్లయినా గుడ్డ మార్చక తప్పదు కదా. ఆ మార్చేటప్పుడే ఈ వరుస ఒకసారి జరగనివ్వండి. "కాలు ఎత్తుతున్నా... తడి తుడుస్తున్నా..." అని చేసేది చెబుతూ, మధ్యలో ఆగుతూ చేయండి.

గొంతు పెంచి, సాగదీసి మాట్లాడే బుజ్జి మాటలు మానేయమని చదువుకున్నవాళ్లే సలహా ఇస్తుంటారు. వినకండి. పసిబిడ్డ చెవి ఆ స్వరాన్నే బాగా పట్టుకుంటుంది. నగరి, పుత్తూరు, కుప్పం వైపు అవ్వ తమిళంలో, అమ్మ తెలుగులో మాట్లాడే ఇళ్లు ఎన్నో. అదీ సమస్య కాదు. ఎవరికి నోటికి సహజంగా వచ్చే భాషలో వాళ్లు మాట్లాడండి.

5. ఏడ్చినప్పుడు

రెండో వారం నుంచి ఏడుపు పెరుగుతూ పోయి ఆరో వారం దగ్గర పతాకస్థాయికి చేరుతుంది, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. సాయంత్రాలు ఎక్కువ. అది మీ చేతకానితనం కాదు, పాలు చాలక కూడా కానక్కర్లేదు. నాన్న సెలవు ఆరో వారానికి దాచమన్నది ఇందుకే.

వరుస ఇదీ:

1. ముందు గొంతుతో పలకండి. పొయ్యి మీద పోపు ఉన్నా సరే, "వస్తున్నా కన్నా" అనండి. ప్రతిసారీ అదే మాట, అదే స్వరం. కొన్ని వారాలకు ఆ గొంతు వినగానే బిడ్డ క్షణం ఆగి వింటుంది.
2. ముఖం చూపించి, ఛాతీ మీద చెయ్యి వేయండి.
3. ఎత్తుకోండి.
4. కారణాలు వెతకండి: ఆకలి, తడి, తేపు, ఉక్క. మే నెలలో మన ఎండలకు మూడు గుడ్డలు చుట్టిన బిడ్డ ఏడవకేం చేస్తుంది? మొలతాడు, కాలి గొలుసు బిగుతుగా ఉన్నాయేమో చూడండి. వేలికి వెంట్రుకో దారమో చుట్టుకుందేమో సాక్సులు విప్పి మరీ చూడండి.
5. ఊరడించే పద్ధతి ఒకటే పట్టుకుని కనీసం ఐదు నిమిషాలు చేయండి. ఊపడం, తట్టడం, గిలక, బయటికి తీసుకెళ్లడం, అన్నీ నిమిషంలో మార్చేస్తే బిడ్డకు ఇంకా చిరాకు.
6. మీ గుండె దడ పెరుగుతోంటే వేరేవాళ్లకు ఇచ్చేయండి.

ఇప్పుడు ఆ పెద్ద ప్రశ్న. ఎత్తుకుంటే చేతులు మరుగుతుందా? మొదటి నెలల్లో వెంటనే పలికితే బిడ్డ చెడిపోదు. 1972లో సిల్వియా బెల్, మేరీ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకులు అమెరికాలో 26 మంది తల్లీబిడ్డల ఇళ్లకు ఏడాదిపాటు వెళ్లి గమనించినదాన్ని ప్రచురించారు. మొదట్లో వెంటనే పలికిన తల్లుల పిల్లలు ఏడాది చివరికొచ్చేసరికి తక్కువ ఏడ్చారు. దాని మీద తర్వాత వాదనలు లేకపోలేదు. అయినా నా మాట ఇదే: మొదటి ఆరు నెలలు లెక్కలు వేసుకోకుండా ఎత్తుకోండి. ఆరు నెలలు దాటాక చిన్న విసుగుకు క్షణం ఆగి, తనంతట తను సర్దుకుంటుందేమో చూడొచ్చు. ఊపిరితిత్తులు బలపడతాయని ఏడవనివ్వడం మాత్రం ఏ వయసులోనూ వద్దు.

ఎంతకీ ఆగకపోతే, మీకు కోపం తలకెక్కుతుంటే, బిడ్డను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి కొద్ది నిమిషాలు పక్క గదిలోకి వెళ్లండి. ఎట్టి పరిస్థితిలోనూ పట్టుకుని కుదపకండి. కుదిపితే మెదడులో రక్తస్రావమై ప్రాణం మీదికి రావచ్చు.

వీటికి ఊరడింపులు కాదు, ఆసుపత్రే:

- రెండు నెలలలోపు బిడ్డకు జ్వరం, లేదా ఒళ్లు చల్లబడటం
- పాలు తాగడం మానేయడం, లేపినా లేవకపోవడం
- ఫిట్స్
- డొక్కలు ఎగరేయడం, రొప్పడం
- ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం

6. నలుగు, స్నానం, చీర ఉయ్యాల

అవ్వ కాళ్లు చాపుకుని, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి నూనె రాసే వేళ కంటే మంచి వేళ దొరకదు. ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా ఉంటాయి, ఒళ్లంతా స్పర్శే. కానీ ఆ వేళను చాలామంది బిడ్డను సాపు చేసే పనిగా మార్చేస్తారు. ముక్కు నొక్కడం, తల గుండ్రంగా ఒత్తడం, కాళ్లూ చేతులూ బలంగా లాగడం, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా ఆపకపోవడం.

సరిచేసుకోవడం సులువే. నూనె ముక్కు, చెవుల్లో పోయకండి. మాడు ఒత్తకండి. ఒక కాలు రాశాక ఆగి ముఖం చూడండి, హాయిగా ఉంటేనే రెండోది. ఏడిస్తే ఆ రోజుకు అంతే. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరికి మంచిది కాదు, ఆ ఒక్కటి మానేయండి. పెద్దావిడను నొప్పించకుండా ఎలా చెప్పడమంటే, "అవ్వా, నువ్వు మాట్లాడుతూ రాస్తే బాగా నవ్వుతోంది, ఇంకోసారి మాట్లాడు" అనండి. తిట్టి మాన్పించేకంటే ఇది త్వరగా పనిచేస్తుంది.

చీర ఉయ్యాలలో బిడ్డ ముఖం మీకు కనబడదు, మీ ముఖం బిడ్డకూ కనబడదు. మెడ వంగిపోయే ప్రమాదం కూడా ఉంది. ఎవరో ఒకరు పక్కనుండగా కాసేపు ఊపడానికి సరే. మెలకువగా ఉన్న బిడ్డను అందులో వేసి తాడు లాగుతూ సీరియల్ చూడటం మాత్రం కుదరదు. రాత్రి నిద్రకు గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి.

7. వారానికోసారి వచ్చే నాన్న

నాన్న బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం, లేదంటే శ్రీసిటీలో షిఫ్టులు. ఆదివారం వస్తాడు, బిడ్డ ఏడుస్తుంది, నాన్న మొహం చిన్నబుచ్చుకుని ఫోన్ పట్టుకుంటాడు. ఇక్కడ గంటల కొరత కంటే పని లేకపోవడమే అసలు కొరత.

- నాన్నకు ఒక పని పూర్తిగా అప్పగించండి. ఆదివారం స్నానమో, సాయంత్రం నిద్రపుచ్చడమో, వచ్చిన ప్రతిసారీ అదే పని.
- మొదటి అరగంట ఎత్తుకోకుండా అమ్మ పక్కన కూర్చుని పలకాలి. బిడ్డ చూసి, విని, తనే చెయ్యి చాపేదాకా.
- అమ్మ ఆ సమయంలో "అలా కాదు, ఇలా" అనకూడదు. నాన్న చెయ్యి మొరటుగా ఉన్నా ఫర్వాలేదు, దానికీ బిడ్డ అలవాటు పడుతుంది.
- రోజూ ఒకే వేళకు చిన్న వీడియో కాల్. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని చెప్పే భారత పిల్లల వైద్యుల సంఘం కూడా దగ్గరివాళ్లతో అప్పుడప్పుడు చేసే వీడియో కాల్‌ను మినహాయించింది. కాల్‌లోనూ అదే వరుస: చూడటం, ఊఁ కొట్టడం, ఆగడం.

8. ఐదో నెలలో అత్తారింటికి

పుట్టింటి నుంచి మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డను తీసుకుని వెళ్తారు. అందరూ ముహూర్తం చూస్తారు గానీ బిడ్డకు ఏం జరుగుతోందో చూడరు. ఒక్క పూటలో అమ్మమ్మ చేతులు, ఇంటి వాసన, వెలుతురు, శబ్దాలు, అన్నీ మారిపోతాయి. మారనిది అమ్మ ఒక్కతే. అందుకే మొదటి వారం అమ్మను వంటింటికి పంపకండి. అత్తగార్లకు ఇది కొంచెం కష్టంగా ఉండొచ్చు, కానీ ఒక్క వారమే.

వెళ్లే ముందు:

- నాయనమ్మ వీలైతే రెండుమూడుసార్లు పుట్టింటికే వచ్చి, బిడ్డ తన చోట ఉండగానే పరిచయం కావాలి.
- బిడ్డ పక్కబట్టలు, కప్పుకునే పాత చీర ముక్క ఉతక్కుండా తీసుకెళ్లండి. ఆ వాసన కావాలి.
- నిద్రకు ముందు చేసే వరుస రాసుకోండి: స్నానం, పాలు, జోలపాట, దీపం ఆర్పడం. అక్కడా అదే వరుస, అదే పాట.

వెళ్లాక మొదటి మూడు రోజులు ఇరుగుపొరుగును పిలవకండి. రాత్రి ఎక్కువసార్లు లేవడం, రొమ్ము వదలకపోవడం మామూలే. "దిష్టి తగిలింది" అంటారు. దిష్టి తీయాలనుకుంటే తీయండి, దాంతోపాటు బిడ్డను ఒంటికి దగ్గరగా ఉంచుకోండి.

9. కొత్తముఖం చూస్తే ఏడ్చే రోజులు

ఆరేడు నెలలు దాటాక, నిన్నటిదాకా అందరి దగ్గరికీ వెళ్లిన బిడ్డ అమ్మ భుజంలో ముఖం దాచుకుంటుంది. "చెడగొట్టారు" అంటారు చుట్టాలు. కానే కాదు. ఎవరు తనవాళ్లో, ఎవరు కాదో బిడ్డకు తెలిసిందని దీనర్థం. ఇన్నాళ్ల మీ పని ఫలించిన గుర్తు అది.

సరిగ్గా ఆ నెలల్లోనే మనం పుట్టువెంట్రుకలకు కొండకు బయల్దేరుతాం! కళ్యాణకట్టలో జనం, తడి నేల, ఏడ్చే పిల్లలు, ఎప్పుడూ చూడని మనిషి చేతిలో కత్తి. పైగా కూర్చోబెట్టేది మేనమామ ఒడిలో. ఆ మామ మూడు నెలల తర్వాత ఆ ఉదయమే దిగి ఉంటాడు. బిడ్డకు అక్కడ తెలిసిన ముఖం ఒక్కటీ ఎదురుగా లేదు.

ఇలా సర్దుకోండి:

1. మామ ఒకరోజు ముందే వచ్చి బిడ్డతో కూర్చోవాలి. ఎత్తుకోవాలని ఎగబడకుండా, బిడ్డ దగ్గరికి వచ్చేదాకా.
2. ఇంట్లోనే రెండుమూడు రోజులు తల తడిపి, వేళ్లతో మెల్లగా రుద్దే ఆట ఆడండి.
3. నిద్ర తీరాక, పాలు తాగాక కూర్చోబెట్టండి. ఆకలి వేళ, నిద్ర వేళ అస్సలు వద్దు.
4. అమ్మ బిడ్డకు ఎదురుగా, జానెడు దూరంలో కూర్చుని, ఇంట్లో తల రుద్దే ఆటలో మాట్లాడినట్టే మాట్లాడాలి. ఫొటోలు తీసే పని వేరేవాళ్లది.
5. అవగానే అమ్మ ఒడిలోకి. స్నానం, కొత్త బట్టలు, గంధం అన్నీ బిడ్డ నెమ్మదించాకే.

ఏడాదిలోపు బిడ్డతో వెళ్లే తల్లిదండ్రులకు టీటీడీ సుపథం అనే ప్రత్యేక దర్శన మార్గంలో ప్రవేశం ఇస్తుంది. బయల్దేరే ముందు ఆ రోజు నిబంధనలు, తీసుకెళ్లాల్సిన పత్రాలు చూసుకుంటే క్యూలో బిడ్డ నలగదు.

ఇక డ్యూటీ సంగతి. మొదటి ఇద్దరు పిల్లలకు చట్టం ఇచ్చే ప్రసూతి సెలవు 26 వారాలు. సెలవు అయ్యేసరికి బిడ్డ సరిగ్గా ఈ వయసు వాకిట్లో ఉంటుంది. చేరడానికి మూడు వారాల ముందు నుంచి అప్పగింత మొదలుపెట్టండి. మొదటి వారం అమ్మ ఇంట్లోనే ఉంటూ, చూసుకునే మనిషి పాలు తప్ప మిగతావన్నీ చేయాలి. రెండో వారం అమ్మ అరగంట, గంట బయటికి వెళ్లి రావాలి. మూడో వారం పూటంతా.

అతి పెద్ద తప్పు, బిడ్డ చూడకుండా వెనక తలుపు గుండా జారుకోవడం. ఆ పూట ఏడుపు తప్పుతుంది, కానీ అమ్మ ఎప్పుడు మాయమవుతుందో తెలియక బిడ్డ ఆ తర్వాత క్షణం కూడా కొంగు వదలదు. ఏడ్చినా సరే, ముఖం చూసి "వెళ్లొస్తా కన్నా, సాయంత్రం వస్తా" అని ఒకే మాట చెప్పి, చెయ్యి ఊపి వెళ్లిపోండి. మళ్లీ మళ్లీ వెనక్కి రాకండి. కొంగు చాటున ముఖం దాచి "బూ" అనే ఆట రోజూ ఆడండి. కనబడని ముఖం తిరిగి వస్తుందని బిడ్డ నేర్చుకునేది ఆ ఆటలోనే.

సాయంత్రం ఇంటికి రాగానే ఏడిస్తే కోపమనుకోకండి. కాళ్లూ చేతులూ కడుక్కుని మొదటి పదిహేను నిమిషాలు బిడ్డకే ఇవ్వండి. వంట ఆ తర్వాత.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి మందు

పాలిస్తూ ఫోన్. 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశాడు. బిడ్డతో ఆడుతున్న అమ్మ కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా చూస్తూ ఉండాలి. కొన్ని నెలల పిల్లలు నవ్వి చూశారు, చేతులు చాపారు, ఊసులాడారు, ఫలితం లేక ముఖం తిప్పేసుకున్నారు. ఫోన్ చూసే ముఖం ఇంచుమించు అదే. రోజుకు పదిసార్లు పాలిస్తే పదిసార్లూ ఫోన్ మానడం నావల్ల కాదంటారా? సరే, పగటి పూట మూడుసార్లు ఫోన్ వేరే గదిలో పెట్టండి. రాత్రి మీ ఇష్టం.

విసుక్కోవడం, అరవడం. ఎవరి ఇంట్లో జరగదు? సాఫీగా సాగే తల్లీబిడ్డల మధ్య కూడా సైగలు తప్పిపోవడం రోజంతా జరుగుతూనే ఉంటుందని అదే ట్రానిక్ గమనించాడు. తప్పిపోయాక మళ్లీ కలుపుకోవడమే కావాల్సింది. ముందు మీ ఊపిరి నెమ్మదించనివ్వండి. తర్వాత దగ్గరికి తీసుకుని, మెత్తని గొంతుతో "అమ్మ అరిచింది కదా, భయమేసిందా" అనండి. బిడ్డ ఒళ్లు వదులయ్యేదాకా ఉండండి. మీ మీద మీరు విరుచుకుపడటం మాత్రం బిడ్డకు ఏ మేలూ చేయదు.

బొమ్మలు, వీడియో పాటలు. తెర బిడ్డ ఊసుకు ఆగదు, పలకదు. డబ్బు మిగుల్చుకోండి.

అందరూ ఒకేసారి. ఒకరు ఆడిస్తుంటే మిగతావాళ్లు కూర్చోవాలి.

11. అమ్మకే బాగాలేకపోతే

కాన్పయ్యాక మొదటి పది, పదిహేను రోజులు కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డను చూస్తే ఏమీ అనిపించకపోతే, బిడ్డ నిద్రపోయినా మీకు నిద్ర రాకపోతే, అది జబ్బు. దానికి మందులున్నాయి, మాటల వైద్యం ఉంది. "బాలింతలకు మామూలే, గాలి సోకింది" అని ఇంట్లో పెట్టుకోవద్దు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. తిరుపతి రుయా లాంటి పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. తనకో బిడ్డకో హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చినా, లేనివి వినపడుతున్నాయన్నా ఆ రోజే తీసుకెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు. అమ్మ కోలుకునేదాకా బిడ్డకు పలికే పని నాన్నో అమ్మమ్మో తీసుకుంటే బిడ్డకు లోటేమీ ఉండదు.

12. ఎప్పుడు చూపించాలి

ఎంత పలికినా బిడ్డ నుంచి బదులు రాకపోతే మీ పెంపకాన్ని అనుమానించకండి. చెవి, చూపు పరీక్ష చేయించండి. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు మొదటి ఆరు వారాల్లోనే మీ అనుమానాలు చెప్పండి. ఆ తర్వాత అంగన్‌వాడీలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో అడిగితే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం కింద పెద్దాసుపత్రికి పంపుతారు.

- పెద్ద శబ్దానికి ఏ వయసులోనూ ఉలిక్కిపడకపోతే: వెంటనే
- మూడు నెలలు నిండినా ముఖం చూసి నవ్వకపోతే, చూపు నిలపకపోతే
- ఆరు నెలలకు శబ్దం వచ్చిన వైపు తిరగకపోతే
- తొమ్మిది నెలలు దాటినా పేరు పిలిస్తే పలకకపోతే
- ఏడాదికి "బాబా", "దాదా" లాంటి శబ్దాలు, చెయ్యి ఊపడం, చూపించడం లేకపోతే
- వచ్చిన మాటలు, నవ్వులు పోయినట్టు అనిపిస్తే: ఏ వయసులోనైనా, ఆలస్యం చేయకుండా

చూపించడానికి వెళ్లేటప్పుడు ఇంట్లో బిడ్డ మామూలుగా ఉన్నప్పుడు తీసిన రెండు నిమిషాల వీడియో ఫోన్లో ఉంచుకోండి. ఆసుపత్రిలో కొత్త ముఖాలకు బెదిరి బిడ్డ ఏమీ చేయకపోయినా, డాక్టర్ దాన్ని చూసి చెప్పగలరు.